ఎర్ర నీళ్ల వార్త

నేను చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఒకటుంది. చెరువు కట్టకు పడిన బెజ్జాన్ని ఇద్దరు మనుషుల మధ్య పెట్టి సగానికి తెగ్గొట్టాను. ఉందన్నవాడికీ లేదన్నవాడికీ రాజీ కుదిర్చి, ఇద్దరిచేతా టీ తాగించి, ఇద్దరినీ నవ్వుతూ సాగనంపాను. ఆత్మకూరు బజారులో తాతల నాటి నుంచి బట్టల కొట్టు నడిపిన ఇల్లు మాది. మా నాయన గానీ, ఆయన నాయన గానీ అంతటి బేరం చేసి ఎరగరు. పత్రికల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం ఏదన్నా చెప్పండి సార్" అని అడుగుతుంటారు. చెప్పుకోదగ్గది ఇదొక్కటే. మిగతావి అందరికీ ఉండేవే.

తొంభైల మొదట్లో నేను ఆత్మకూరులో ఒక వారపత్రిక నడిపేవాణ్ణి. నాలుగు పేజీలు. కొట్టు వెనక గోడౌనులో కాలితో తొక్కే అచ్చు యంత్రం, సీసపు అక్షరాల అరలు, వాటి ముందు నిలబడి ఒక్కొక్క అక్షరం ఏరి వరసలుగా పేర్చే కంపోజిటరు. ఆయన్ని ఊరంతా భాయ్ అనేది, నేనూ అదే అనేవాణ్ణి. గురువారం అచ్చు వేసి, శుక్రవారం పొద్దున బస్సుల మీద కట్టలు పంపేవాళ్లం. ఒకటి ఉదయగిరికి, ఒకటి సంగానికి, చేజర్లకు, కొండాపురానికి తలా ఒకటి.

అందులో ఏముండేదంటే, కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఉదయగిరి ఆస్పత్రికి కళ్ల డాక్టరు ఏ రోజు వస్తాడు, ఏ బస్సు తిరగడం మానేసింది, ఏ ఊళ్లో బోరింగు చెడింది, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఏ చర్చిలో కూటాలు, ఏ గుడి దగ్గర తిరునాళ్ల, ఎవరు చనిపోయారు. ఇవన్నీ పల్లెల నుంచి పోస్టు కార్డుల మీద వచ్చేవి. రాసి పంపేవాళ్లకు నేనిచ్చేది పత్రిక ఒక కాపీ, ఏడాదికొక క్యాలెండరు. ఆ క్యాలెండరు కూడా మా కొట్టు ప్రచారానికి వేయించిందే.

అలా రాసేవాళ్లలో ఒక అయ్యవారు ఉండేవాడు. మా వైపు బడి పంతుల్ని అయ్యవారంటాం. ఉదయగిరి దారిలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఒక ఊళ్లో, మిషన్ బడిలో చదువు చెప్పేవాడు. ఊరికి ఎగువన చెరువు, కట్ట కిందే పల్లె, పక్కన మిట్ట మీద చర్చి, బడి. ఆయన పొడి మాటల మనిషి. "దారుణం", "శోచనీయం" వంటివి ఆయన కార్డులో ఎప్పుడూ కనిపించలేదు. బోరింగు చెడిందంటే చెడింది, అంతవరకే.

ఆయన నాయన రోడ్డు పనుల్లో గ్యాంగు మేస్త్రిగా చేసి మానుకున్న ముసలాయన. చర్చిలో వాక్యం చదవాలన్న కోరికతో పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని మా పత్రికను మొదటి అక్షరం నుంచి చివర అచ్చు వేసినవాళ్ల చిరునామా దాకా పైకి చదివేవాడు. చుట్టూ చేరి ఊరు వినేది. ఒకసారి నేనూ పోయి విన్నాను. వేరుశనక్కాయల ధరను కూడా వాక్యం చదివే రాగంలోనే చదివాడు. చదవడం అయ్యాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"శెట్టీ, నీ పేపర్లో పడిందంటే మావోళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. అందుకే నేను ఒక్క అచ్చరం గూడా వదలను."

"ఎప్పుడన్నా తప్పు పడితే?" అన్నాను.

"నువ్వు మోసం చేస్తే బట్టల కొట్లో చేస్తావు గానీ ఈడ చెయ్యవులే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కట్టుకున్న పంచె మా కొట్లో కొన్నదే.

తర్వాత నెల్లూరు నుంచి పెద్ద దినపత్రికలు జిల్లా పేజీలు వేయడం మొదలుపెట్టాయి. మా వార్త వారానికి వస్తే వాళ్ల వార్త మర్నాటికి వచ్చేది. మా కట్టలు విప్పకుండానే వెనక్కి రాసాగాయి. గిరాకీ తగ్గినప్పుడు బట్టల కొట్లో ఏం చేస్తాం? గుమ్మంలో వేలాడదీసిన చీర మారుస్తాం. నేనూ అదే చేశాను. రెండో పేజీ ఖాళీ చేయించి, నడిమికి నిలువు గీత గీయించి, ఎడమ వైపు ఒక పార్టీ మనిషి అభిప్రాయం, కుడి వైపు ఇంకో పార్టీ మనిషి అభిప్రాయం వేయించాను.

మా ప్రాంతంలో ఏ ఊళ్లో చూసినా రెండు పార్టీలు. జెండాలు మారుతుంటాయి గనక వాటి పేర్లు చెప్పి లాభం లేదు. పైబజారు, కిందబజారు అందాం. పైబజారు తరఫున ఒక వకీలు, కిందబజారు తరఫున ఒక కంట్రాక్టరు కుదిరారు. కంట్రాక్టరుకు రాయడం రాదు. ఆయన వచ్చి నిలబడి తిడితే భాయ్ వాక్యాలు దిద్దుకునేవాడు. వకీలుకు రాయడం వచ్చు, ఆపడం రాదు.

జనం ఎగబడి కొన్నారు. ఉదయగిరి బస్టాండులో పేపర్లు అమ్మే మనిషి నాకు కబురు చేసి పిలిపించాడు.

"శెట్టీ, ఇంకో కట్ట పంపు. అయితే ఒకటి చూసినావా? కొన్నోళ్లంతా రెండో పేజీని నిలువుగా మడతేసి చదవతా ఉండారు. అవతల సగం కంటికి ఆనకుండా."

"మడతేసుకుంటే ఏందిబ్బా? డబ్బులిచ్చింది మొత్తం కాగితానికే గదా" అన్నాను.

అంత తెలివిగా మాట్లాడానని బస్సులో ఇంటికి వచ్చేదాకా మురిసిపోయాను.

రెండు వైపులా మాటలు పెరిగాయి. ఒకరి దానికి ఇంకొకరి జవాబు, ఆ జవాబుకు మళ్లీ జవాబు. రెండో పేజీ చాలక మూడో పేజీలోకి పారాయి. పోస్టు కార్డులు గంపలో పడి ఉండేవి. ఒకరోజు అయ్యవారు ఏదో పని మీద ఆత్మకూరు వచ్చి గోడౌనులోకి తొంగిచూశాడు.

"మా బోరింగు గురించి రాసినానే, పడలేదేంది?"

"అయ్యవారూ, బోరింగు చెడిందంటే ఒక్కసారి చదవతారు. కంట్రాక్టరు వకీలును దొంగన్నాడంటే వారమంతా చదవతారు."

"మరి బోరింగు?"

నేను లేచి క్యాలెండరు ఇచ్చాను.

వాళ్ల ఊళ్లో చదువు వినే జనం కూడా మారారని ఆయనే చెప్పాడు. ముసలాయన ఎడమ సగం ఎత్తుకుంటే కొందరు లేచి పోతున్నారు, కుడి సగం ఎత్తుకుంటే ఇంకొందరు పోతున్నారు. ముసలాయనకు స్వతహాగా కిందబజారు మీద అభిమానం, ఇంటి పట్టా ఇప్పించింది వాళ్లే. అయినా రెండు సగాలూ అదే రాగంలో చదువుతున్నాడట. వదిలెయ్యమని ఎవరో అంటే, "అచ్చేసినోడు వదల్లేదు, నేనెట్టా వదులుతా?" అన్నాడట.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. వారమంతా ముసురు. ఎప్పుడూ మేకలు మేసే చెరువులు కూడా నిండి అలుగులు పారాయి. గురువారం పొద్దున, సరిగ్గా అచ్చు రోజు, అయ్యవారు తడిసి ముద్దయి గోడౌనులోకి వచ్చాడు. కార్డు రాయలేదు, మనిషే వచ్చాడు.

"శెట్టీ, మా చెరువు కట్టకు తూము పక్కన బెజ్జం పడింది. నీళ్లు ఎర్రగా వస్తా ఉండాయి."

"ఎర్రగా వస్తే ఏంది?"

"తేటగా వస్తే ఊట, దాంతో భయం లేదు. ఎర్రగా వస్తా ఉండాయంటే లోపల మన్ను కోసుకొస్తా ఉన్నట్టు. నిన్న వేలు పట్టేంత ఉండాది, ఇయ్యాళ చెయ్యి దూరతా ఉండాది."

"ఆఫీసులో చెప్పినారా?"

"చెప్పినా. ఇంజినీరు సంగం కాడ ఏటి పని మీద ఉండాడంట, వస్తాడన్నారు." తల తుడుచుకుని మళ్లీ అందుకున్నాడు. "ఆ కట్ట బాగు చేసింది మీ కుడి పక్క కంట్రాక్టరు. అందుకని కిందబజారోళ్లు అది పాత ఊటేలే అంటుండారు. పైబజారోళ్లు ఆయన ఎంత తిన్నాడో లెక్కలు చెబతా ఉండారు గానీ తట్టాబుట్టా సర్దుకున్నోడు లేడు. మా నాయన గూడా కదలడు. మోకాళ్లు పట్టుకుపోయినాయి, కట్ట ఎక్కి చూడలేడు. రేపు పేపర్లో పడనీరా, పడితే పోదాం అంటాడు. ఆయన మాట మీద ఇంకో పదిళ్లోళ్లు ఉండారు."

అక్కడే కూర్చుని కాగితం తీసుకుని రాసిచ్చాడు. ఊరి పేరు, ఆ తర్వాత మూడే వాక్యాలు. చెరువు కట్టకు తూము పక్కన బెజ్జం పడి ఎర్ర నీళ్లు వస్తున్నాయి. బెజ్జం పెద్దదవుతోంది. కట్ట కింద వాళ్లు మిట్ట మీదికి చేరడం మంచిది. అందులో ఎవరి పేరూ లేదు, ఎవరి తప్పూ లేదు. మొదటి పేజీలో పైన వేస్తానని మాటిచ్చాను. ఆయన చూస్తుండగానే భాయ్ అక్షరాలు పేర్చేశాడు. అయ్యవారు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు.

ఆత్మకూరులో వార్త అచ్చు కాకముందే ఊరు తిరిగి వస్తుంది. మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే కంట్రాక్టరు గొడుగు విదిలించుకుంటూ వచ్చాడు.

"ఏంది శెట్టీ, నా కట్టకు బెజ్జం పెడతా ఉండావంట?"

"నేను పెట్టలేదన్నా. నీళ్లు పెట్టినాయి."

ఆయన కూర్చునే లోపల వకీలు కూడా దిగాడు. "పెడితే పూర్తిగా పెట్టాల శెట్టీ. ఎవరు బాగు చేసినారు, బిల్లు ఎంత ఎత్తినారు, అది గూడా రాయాల. పేరు లేని బెజ్జం ఎవరికి కావాల?"

"నా పేరు పడనీ. నీ కాగితాన్ని కిందబజారులో ఒక్కడు ముట్టుకుంటే అడుగు" అన్నాడు కంట్రాక్టరు నాతో.

"పేరు పడకపోతే పైబజారులో ముట్టుకోరు" అన్నాడు వకీలు, అదీ నాతోనే.

ఇద్దరూ అన్నంత పని చేసేవాళ్లే. అప్పటికి పత్రిక ఆ రెండు సగాల మీదే బతుకుతోంది. ఇలాంటి చోట మా నాయన నేర్పిన విద్య నాకు ఒకటుంది. అడిగేవాడి ధరకూ ఇచ్చేవాడి ధరకూ నడిమిన అసలు ధర ఎక్కడో ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. నిజం కూడా అలాగే నడిమిన ఎక్కడో ఉంటుందని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. వాళ్లకు భయపడి రాజీపడ్డాననుకుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. భయం కొంతే. ఎక్కువ భాగం బేరం చేయడంలో ఉండే సరదా.

"వకీలుగారూ, పేరు తీసేద్దాం. అన్నా, మీరు బెజ్జం ఒప్పుకోండి" అన్నాను.

"బెజ్జం ఒప్పుకోను. ఊట అను."

"ఊటంటే ఎవడు చదవతాడు? ధార అనాల" అన్నాడు వకీలు.

"చెమ్మ అను. చెమ్మ లేని చెరువు కట్ట యాడుండాదో చూపించు, నా మీసం తీసేస్తా" అన్నాడు కంట్రాక్టరు.

"ఎర్ర నీళ్లు అనే ముక్క?" అన్నాను.

"అది తీసెయ్. ఎర్రగా అంటే నేను పోసిన మట్టి కొట్టుకపోతా ఉన్నట్టు."

"అది తీసేస్తే నాకేం మిగిలింది? చెమ్మ ఉందని కొందరు అంటున్నారు అని మా మాట పడాల" అన్నాడు వకీలు.

"అట్టయితే లేదన్నోళ్ల మాట గూడా పడాల."

మాట మారినప్పుడల్లా భాయ్ పట్టకారుతో అక్షరాలు పీకి మళ్లీ పేరుస్తున్నాడు. చివరికి విసిగిపోయి, "శెట్టిగారూ, మీరు ముగ్గురూ ఖాయం చేసుకుని పిలవండి" అని బయటికి పోయి చూరు కింద బీడీ ముట్టించాడు.

మిగిలింది మిట్ట మీదికి చేరడం మంచిదన్న వాక్యం. "జనాన్ని బెదరగొట్టడం దేనికి?" అన్నాడు కంట్రాక్టరు. ఆ వాక్యం ఉంటే వకీలుకొచ్చేది లేదు, పోతే నష్టమూ లేదు. దాని కోసం బేరమాడవలసిన మనిషి మధ్యాహ్నం బస్సులో వెళ్లిపోయాడు. నేనే కొట్టేశాను.

అచ్చయింది ఇది. ఫలానా చెరువు కట్టకు తూము వద్ద స్వల్పంగా చెమ్మ ఉందని కొందరు అంటున్నారు. అటువంటిదేమీ లేదని మరికొందరు అంటున్నారు. అంత చిన్న సంగతికి మొదటి పేజీ దండగని మూడో పేజీ అడుగున వేయించాను.

టీ తెప్పించాను. కంట్రాక్టరు గ్లాసు దించి, "శెట్టీ, నిన్ను ఎలక్షన్లో నిలబెడితే రెండు బజార్లూ నీకే ఓట్లేస్తాయి" అన్నాడు. వకీలు పకపకా నవ్వాడు. వాళ్లిద్దరూ ఒకే గొడుగు కింద వెళ్లడం చూసి నా గుండె ఉప్పొంగింది.

శుక్రవారం మా కట్ట ఆ ఊరికి చేరింది. శనివారం పొద్దెక్కాక కట్ట తెగింది.

నాకు ఆ సాయంత్రానికి తెలిసింది. ఆదివారం బస్సు దొరికినంత దూరం పోయి, తర్వాత మోకాటి లోతు బురదలో నడిచాను. పల్లె ఉన్న చోట ఇసుక మేటలు, వాటిలోంచి పైకి తేలిన వాసాలు. మనుషులంతా మిట్ట మీద చర్చిలో ఉన్నారు. తన మాట విన్నవాళ్లను అయ్యవారు శుక్రవారమే పైకి చేర్చాడు. విననివాళ్లు కట్ట తెగిన చప్పుడు విని పరుగెత్తి బయటపడ్డారు. పరుగెత్తలేనివాడు ఒక్కడే ఉన్నాడు. పెళ్లాన్నీ బిడ్డల్నీ మిట్ట మీద దింపి, నాయన్ని వీపున మోసుకొద్దామని అయ్యవారు శనివారం మళ్లీ దిగాడట. ఇంటికి చేరకముందే, సగం దారిలో ఉండగా నీళ్లు వచ్చాయి.

నన్ను చూసి ఆయన చర్చి మెట్ల మీదికి వచ్చాడు. ఇద్దరం కూర్చున్నాం. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది.

"సుక్రారం సాయంత్రం మా నాయన పేపరు చదివినాడు. మొదటి పేజీలో చెరువు సంగతి కనిపించలేదు. వెతికి వెతికి మూడో పేజీలో పట్టుకున్నాడు. రెండుసార్లు చదివినాడు శెట్టీ. రెండోసారి మెల్లగా చదివినాడు, ఏదన్నా వదిలినానేమోనని. మడిచి పక్కన పెట్టి, చెమ్మేనంటరా అబ్బయ్యా, శెట్టి అబద్ధం రాయడులే అన్నాడు."

నేను నా చేతుల వైపు చూసుకుంటూ, "ఇద్దరూ ఒప్పుకున్నాకే వేసినాను అయ్యవారూ" అన్నాను.

"ఎవరిద్దరు?" అన్నాడు.

లోపల ముసలాయన శవపెట్టెకు మేకులు కొడుతున్నారు, లేచి అటు పోయాడు.

ఆ వారం రెండు అభిప్రాయాలూ వేళకే అందాయి. కంట్రాక్టరు పనితనం ఒక ముసలాయన ప్రాణం తీసిందని వకీలు రాశాడు. పైబజారు వాళ్లు కావాలని తూము మూయించి తన అభిమానిని పొట్టన పెట్టుకున్నారని కంట్రాక్టరు చెప్పాడు. చనిపోయినాయన్ని ఇద్దరూ మావాడే అన్నారు. రెండూ వేశాను. భాయ్ పేజీ కట్టేటప్పుడు నన్ను పిలిచి, "మరణ వార్తల్లో ముసలాయన పేరు యాడ పెట్టమంటారు? చోటు లేదే" అన్నాడు. "రెండు వైపులా ఆయనే ఉన్నాడు గదా, ఇంకెందుకు?" అన్నాను. ఆత్మకూరులో, ఉదయగిరిలో ఎద్దు తప్పిపోయినా నాలుగు వాక్యాలు వేసిన పత్రికలో, ప్రతి అక్షరం చదివిన మనిషి పోయిన కబురు ఒక్క వాక్యమైనా పడలేదు. ఆ సంచికకు వచ్చినంత గిరాకీ మా పత్రికకు ముందూ లేదు, తర్వాతా లేదు.

అయ్యవారి కార్డులు ఆగిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల కార్డులు కూడా ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఎవరూ నాతో పోట్లాడలేదు, రాయడం మానేశారు, అంతే. ఆ ఊళ్లో టీకొట్టు ముందు మళ్లీ ఎవరూ పైకి చదవలేదట. కొన్నాళ్లకు జనం తిట్లకు కూడా అలవాటుపడి కొనడం తగ్గించారు. పత్రిక మూసేసి, యంత్రాన్ని పాత ఇనుముకు అమ్మి, నెల్లూరు దినపత్రిక ఒకదానికి విలేకరిగా చేరి రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. అక్కడ బోరింగు గురించి పంపితే, "దీని మీద ఎవరన్నా ఎవరినన్నా విమర్శించారా?" అని ఫోన్లో అడిగేవాళ్లు. ఎవరూ విమర్శించకపోతే అది వార్త కాదు. వాళ్లను తప్పుపట్టే మొహం నాకు లేదు. ఆ సరుకును మా వైపు అందరికంటే ముందు గుమ్మంలో వేలాడదీసింది నేనే. వకీలు, కంట్రాక్టరు తర్వాత ఎప్పుడో ఒకే జెండా కిందికి చేరారు. ఆ ఊళ్లో మాత్రం పార్టీకొకటిగా చీలిన టీకొట్లు ఇప్పటికీ రెండు.

ఇక బిల్లు. కంట్రాక్టరుకు దక్కింది, ఆ శుక్రవారం తన పేరు అచ్చు కాకపోవడం. వకీలుకు దక్కింది "కొందరు" అన్న ఒక మాట. నాకు రెండు బజార్లలోనూ కాగితం అమ్ముడుపోయింది, ఇద్దరి నోటా మంచివాణ్ణనిపించుకున్నాను. ముగ్గురం లాభపడ్డాం. మా నాయన ఉండి ఉంటే ఒక్క ప్రశ్న వేసేవాడు, అందరికీ లాభమొచ్చిన బేరంలో ఇచ్చుకున్నవాడెవడురా అని. ఇచ్చుకున్నవాడు ఆ గదిలో లేడు. మోకాళ్లు పట్టుకుపోయి, మరునాటి పేపరు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఇన్నేళ్లలో ఎన్ని విధాల తిరగేసి చూసినా నాకు అదే తేలింది. ఒక మనిషి. అందులో తగ్గింపు లేదు, సగానికి తెగ్గొట్టడానికీ లేదు.